అరచెయ్యంత మెత్త

ఇంద, పట్టుకో.
పిల్లల బొమ్మ కాదు, మెత్త.
ఆపరేషనైన దిక్కు చంక కింద పెట్టుకో,
చెయ్యి పక్కటెముకలకు రాసుకోకుంట.
రాత్రి రెండింటికి తెలుస్తది దీని విలువ.

నా ఖాకీ అంగీ కత్తిరించి కుట్టింది రఫియా,
వారాసిగూడల మా కింది వాటా దర్జీ.
బూరుగు దూది నింపింది.
స్పాంజి చెమట తాగదంట, వద్దన్నది.
బ్యాడ్జి పిన్ను పొడిచిన రెండు బెజ్జాలు
ఇంక కనవడతయి, చూడు.

పందొమ్మిదేండ్లు సిటీ బస్సుల టికెట్లు కొట్టిన,
పై రాడ్డు పట్టుకొని నిలబడి.
ఎన్ని బ్రేకులు పడ్డా పడనిదాన్ని,
ఆస్పత్రి నుంచి ఆటోల ఇంటికొస్తుంటే
మెట్టుగూడ కాడ ఒక్క గుంతకు
దేవుడా అని అరిచిన.
అందుకే చెప్తున్న.
ఎక్కంగనే మెత్తను రొమ్ముకు,
అదే, రొమ్ము ఉండె కాడ, అదుముకో.
"భయ్యా, మెల్లగ" అని ముందుగాలనే చెప్పు.

నైటీలు కొనకు.
తల మీంచి తొడిగేటియి ఏవీ పనికిరావు.
మీ ఆయన పాత అంగీలు మూడు తీసుకో,
గుండీలు ముందుకుండాలె,
కాలరు ఉతికి ఉతికి మెత్తవడి ఉండాలె.

పైపుల సంగతి.
రెండు పైపులు, కొసకు రెండు బుడ్డీలు వేలాడుతయి.
పిన్నుతోటి అంగీకి కుచ్చుకోమన్నది నర్సు.
నేను టికెట్ల సంచి దులిపి అందుల వేసుకున్న.
మెడల అదే తోలు పట్టీ, కడుపు మీద అదే బరువు,
చిల్లర లేదు గని.
పొద్దున, మాపటికి కొలిచి
వేబిల్లు నింపినట్టు రాసిన,
తారీఖు, టైము, ఎన్ని మిల్లీలీటర్లు.
మొదలు దానిమ్మ రసం లెక్క,
తర్వాత చాయ్ లెక్క,
ఆఖరుకు నిమ్మకాయ నీళ్ల లెక్క.
తిరిగి ఎర్రవడ్డా, వాసనొచ్చినా, జ్వరమొచ్చినా
తెల్లారనియ్యకు. ఫోన్ చెయ్యి.

జడ ఎవరన్న వెయ్యాలె.
నాకు ఓదెలు వేసిండు.
గోడలకు రంగులేసే మనిషి,
మూడు పాయలు అల్లుమంటే
ఆరో అంతస్తుకెల్లి దిగే తాడు పేనిండు.
నాలుగు రోజులైనా ఊడలే.
అద్దం కూడ ఆయనే గోడ దిక్కు తిప్పి పెట్టిండు,
నేను అడగలే.
పదకొండో నాడు నేనే మళ్ల తిప్పిన.
ఆ సంగతి నీకు చెప్ప.
అది ఎవరిది వాళ్లకే.

డాక్టరమ్మ సరేనన్నంక గోడ ఎక్కుడు.
గోడకు ఎదురుంగ నిలబడి రెండు వేళ్లు
చీమ నడిచినట్టు మీదికి.
ఎక్కడాగితే అక్కడ పెన్సిలు గీత.
కొత్తగ వేసిన రంగు మీద గీస్తుంటే
ఓదెలు ఏమన్లే.
ఒక్కో వారం గీతలు కిందికి దిగినయి.
దిగినయని చెరపలే.
బస్సు పై రాడ్డు ఎత్తు టేపుతోటి కొలిచి
స్కెచ్ పెన్నుతోటి గీసిపెట్టుకున్న.
ఇంక నాలుగు వేళ్లు తక్కువున్నది.

ఇంకోటి. మెత్త పట్టుకొనే విను, నవ్వితే గుంజుతది.
కుట్లు ఎండినంక ఒక దిక్కు తేలికై
ఒరిగి నడుస్తుంటే
రఫియా చిన్న సంచి కుట్టి ఆవాలు పోసింది,
బరువు సరిపోవాలని.
సరిపోయింది.
బోనాల నాడు వానకు నిలువునా తడిసిన.
ఇంటికొచ్చి తీసి ప్లాస్టిక్ కవర్ల పెట్టి మర్చిపోయిన.
మూడో నాడు విప్పితే
బట్ట నేతలకెల్లి సన్నటి మొలకలు.
మెట్ల మీద కూలవడి నవ్వినం ఇద్దరం.
రఫియా ముందుగాల ఏడ్చిందో, నేను ఏడ్చిన్నో
తెల్వదు.
ఇప్పుడు గాజు పూసలు పోసింది.
మొలవయి.

కవరు విప్పి విడిగ ఉతుక్కో,
మడిచి పిండకు.
నిన్నటి సంది తల దువ్వుకోలే నువ్వు,
కనవడుతున్నది.
ఇటు తిరిగి కూసో, జడ వేస్త.
అంత దాక లేస్తది నా చెయ్యి.